ది ఫార్మర్స్ వైఫ్ (1928): సబ్‌టైటిల్స్ పోను పోను వెనకబడుతున్నాయి

సగం_టికెట్
హిచ్‌కాక్ మూకీ కామెడీ ది ఫార్మర్స్ వైఫ్ కి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నా. ఫిల్మ్ సొసైటీలో వేయడానికి ఇంకా మూడు వారాలే ఉంది. ఇంగ్లిష్ ఎస్‌ఆర్‌టీ (సబ్‌టైటిల్ ఫైలు) ఒకటి దొరికితే టైమింగులు అలాగే ఉంచి మాటలు మార్చేద్దామనుకున్నా. తీరా చూస్తే మొదటి టైటిల్ కార్డుకే (మాటలు అచ్చేసి చూపించేది) పావు నిమిషం లేటు. చివరికొచ్చేసరికి 17 నిమిషాలు లేటు! పైన పెళ్లి కుదిరిపోయి గ్లాసులు ఎత్తుతుంటే కింద ఇంకా ఎవరో హీరో రైతు స్వీట్‌ల్యాండ్‌ని తిడుతూనే ఉన్నారు. వీఎల్‌సీ ప్లేయర్లో సబ్‌టైటిల్‌ని జరిపే జి మీట నొక్కి నొక్కి వేలు అరిగింది. మళ్ళీ మొదటినుంచీ టైమింగ్ కొట్టాల్సిందేనా?

రెండో గోల: కార్డులన్నీ ఇంగ్లండ్‌లోని డెవన్ పల్లెటూరి యాసలో ఉన్నాయి. దాన్ని ఏ తెలుగులో దించాలి?

గళ్ళచొక్కా
హిచ్‌కాక్ కామెడీనా? శవం ఎన్నో నిమిషంలో వస్తుంది?

మూకీల_మూర్తి
మొదటి అయిదు నిమిషాల్లోనే వస్తుంది. రైతు భార్య పోతుంది, కామెడీ అక్కడే మొదలు.

బందరు_లడ్డు
సగం, ఇది పాల్, ఎన్‌టీఎస్‌సీ అనే రెండు టీవీ పద్ధతుల వేగం తేడా. సబ్‌టైటిల్ ఎడిట్ సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేటు మార్చే చోట 25 నుంచి 23.976 కి గానీ, తిరగేసి గానీ పెట్టు. అయిపోతుంది.

ప్రొజెక్టర్_రూమ్
లడ్డూ, కాదు. ఆ తేడా 4 శాతం చిల్లర. గంటన్నర సినిమాకి నాలుగు నిమిషాలు దాటదు. ఇతనికి 17 నిమిషాలు పోయింది. ఇది మూకీ తిప్పే వేగం తేడా.

35 ఎం.ఎం. ఫిల్ములో అడుగుకి 16 ఫ్రేములు, అంటే బొమ్మలు. సెకనుకి 24 ఫ్రేముల చొప్పున తిప్పితే నిమిషానికి 90 అడుగులు పోతుంది. 20 చొప్పున అయితే 75 అడుగులు, 16 అయితే 60. సినిమా 8 వేల అడుగులనుకో: 24 దగ్గర 89 నిమిషాలు, 20 దగ్గర 107, 16 దగ్గర 133. ఫిల్ము అదే, ఒక్క ఫ్రేము తగ్గలేదు, పెరగలేదు. నీ ఎస్‌ఆర్‌టీ 20 వేగం ప్రింటుకి రాసింది, నీ ఫైలు 24 వేగంది అని నా అనుమానం. జి, హెచ్ మీటలు మొత్తాన్ని ముందుకో వెనక్కో జరుపుతాయి అంతే, సాగదీయవు, కుదించవు. వేలు అరగ్గొట్టుకోకు.

రెండు అంకెలు చెప్పు. మొదటి కార్డు, చివరి కార్డు ఎస్‌ఆర్‌టీలో ఎన్నింటికి, నీ ఫైల్లో ఎన్నింటికి?

సగం_టికెట్
ఎస్‌ఆర్‌టీలో మొదటిది 0:02:10, చివరిది 1:41:40. నా ఫైల్లో మొదటిది 0:01:55, చివరిది 1:24:44.

ప్రొజెక్టర్_రూమ్
సెకన్లలోకి మార్చు. ఎస్‌ఆర్‌టీ: 130, 6100. మధ్య దూరం 5970. నీ ఫైలు: 115, 5084. మధ్య దూరం 4969. భాగిస్తే 0.8323.

ఇక్కడే ఆగాలి. 20 కీ 24 కీ నిష్పత్తి 0.8333. నీకు రావాల్సిన దూరం 4975, వచ్చింది 4969. ఆరు సెకన్లు తక్కువ. వేగం తేడా అయితే నిష్పత్తి శుభ్రంగా రావాలి, ఇలా కొసరు రాదు. నీ ఫైల్లో ఎక్కడో ఆరు సెకన్ల ముక్క తెగిపోయింది. 0.8323 తో మొత్తం కుదిస్తే రెండు చివర్లూ అతుక్కుంటాయి, నడుమ మాత్రం అయిదారు సెకన్ల దాకా తప్పు ఉండిపోతుంది. కామెడీకి అయిదు సెకన్లు అంటే జోకు చచ్చినట్టే.

చేయాల్సింది: ప్రతి టైమునీ 0.8333 తో గుణించి 6.67 సెకన్లు కలుపు. ఆ 6.67 ఎక్కడిదంటే, 130 ని గుణిస్తే 108.33 వస్తుంది, నీకు కావాల్సింది 115. ముందు వచ్చే లోగోలు ఒక్కో డిస్కులో ఒక్కో పొడవు, వాటికి మూకీ వేగంతో సంబంధం ఉండదు. తర్వాత పది నిమిషాలకో కార్డు చూసుకుంటూ పో. ఉదాహరణకి ఎస్‌ఆర్‌టీలో 50:00 కి ఉన్న కార్డు నీకు 41:46.7 కి పడాలి. ఎక్కడ హఠాత్తుగా ఆరు సెకన్లు తేడా వచ్చిందో అక్కడ తెగింది. దాని తర్వాత కలపాల్సింది 6.67 కాదు, 0.67.

ఎడిటర్_కత్తెర
అదే పని సబ్‌టైటిల్ ఎడిట్‌లో పాయింట్ సింక్‌తో (కొన్ని కార్డులకి సరైన టైము ఇస్తే మిగతావి అదే సర్దుతుంది) చెయ్యొచ్చు, లెక్కలు దానికే వదిలెయ్. కాకపోతే రూమ్ చెప్పినట్టు తెగిన చోటికి ముందు రెండు పాయింట్లు, తర్వాత రెండు పాయింట్లు, విడివిడిగా. పాత ప్రింట్లలో తెగేది ఎక్కువగా రీలు మొదట్లో, చివర్లో. ప్రొజెక్టర్‌కి ఎక్కించేటప్పుడూ దింపేటప్పుడూ చిరిగేది అక్కడే. వెయ్యి అడుగుల రీలు 24 వేగంలో 11 నిమిషాల 7 సెకన్లు. సుమారు ఆ గుణకాల దగ్గర ముందు వెతుకు.

తెరచాటు
అసలు ఇంత శ్రమ దీనికి దండగ. నాటకాన్ని కెమెరా ముందు పెట్టి తీసేశారు. మాటల నాటకం నుంచి మాటలు తీసేస్తే మిగిలేది కార్డులు. హిచ్‌కాకే తర్వాత దీన్ని పెద్దగా లెక్కచేయలేదు, సంభాషణల బదులు కార్డులు ఉన్న నాటకం అన్నట్టు మాట్లాడాడు. ఆయనదే ఇంకో మూకీ ది రింగ్ వేసుకోండి హాయిగా.

మూకీల_మూర్తి
తెరచాటు గారూ, దర్శకుడి మాట పట్టుకుని సినిమాని కొట్టేస్తే ఎలా? ఆయనతో మాట్లాడిన ఫ్రెంచి దర్శకుడు ట్రూఫో దీని గురించి వేరేగా అన్నాడు: కెమెరా ప్రేక్షకుల కుర్చీల్లో లేదు, రంగస్థలం పక్క తెరల దగ్గర ఉంది, మనుషులు అడ్డంగా నడవరు, నేరుగా కెమెరా మీదకే వస్తారు అని. ఆ కళ్ళతో చూడండి, తేడా తెలుస్తుంది.

జాబితా సీను చూడండి. కూతురికి పెళ్లయిపోయింది, ఇల్లు బోసిపోయింది. స్వీట్‌ల్యాండూ, ఇల్లు చూసుకునే పనిమనిషి మింటా కూర్చుని ఊళ్ళో పెళ్లి చేసుకోదగ్గ ఆడవాళ్ళ పేర్లు కాగితం మీద రాస్తారు. పొయ్యి పక్కన చనిపోయిన భార్య కుర్చీ ఖాళీగా ఉంటుంది. ఒక్కో పేరు అనుకుంటుంటే ఆ మనిషి ఆ కుర్చీలో కనిపించి మాయమవుతుంది. స్టేజీ మీద ఇది మాటల్లో చెప్పుకోవాలి. ఇక్కడ కుర్చీ చెప్తుంది. చివర్లో అదే కుర్చీలో ఎవరు కూర్చుంటారో చూసేవాడికి ముందే తెలుసు, స్వీట్‌ల్యాండ్‌కే తెలీదు. కామెడీ అంతా ఆ ఆలస్యంలో ఉంది.

సగం_టికెట్
@తెరచాటు, పోస్టర్ అచ్చయిపోయింది గురూ. ఇప్పుడు ది రింగ్ కుదరదు.

నల్లకుంట_24
తెరచాటు అన్న ఒక ముచ్చట మర్చిండు. ఆ నాటకం మామూలు నాటకం కాదు. ఈడెన్ ఫిల్‌పాట్స్ రాసిండు, 1916ల బర్మింగ్‌హామ్ రెపర్టరీల ఆడిండ్రు, 1924ల లండన్ కోర్ట్ థియేటర్‌కి వచ్చి 1,329 ఆటలు ఆడింది. గంత నడిచిన నాటకం అంటే సినిమాకొచ్చేటోళ్లల్ల సగం మందికి కథ ముందే ఎరుక. బ్రిటిష్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ అప్పుడే పెట్టిన కంపెనీ, లండన్ పక్కన ఎల్‌స్ట్రీల. 1927 చట్టం వచ్చినంక థియేటర్లు ఇంత శాతం బ్రిటిష్ సినిమాలు ఆడాలన్నరు, మొదటేడు 5 శాతం, పంపిణీదార్లకు 7.5. సినిమాలు జల్ది కావాలె. పేరున్న నాటకం తీసుకుంటే రిస్కు తక్కువ. గంతే లెక్క.

ఇంకోటి. ఫిల్‌పాట్స్ పుట్టింది మన మౌంట్ ఆబూల, 1862ల. డెవన్ యాస రాసి పేరు తెచ్చుకున్నోడు రాజస్థాన్‌ల పుట్టిండు.

గళ్ళచొక్కా
అయితే సబ్‌టైటిల్స్ మార్వాడీలో వేయండి.

తెరచాటు
1,329 ఆటలు ఆడింది అంటే మాటల వల్ల, నటుల వల్ల. స్టేజీ మీద పాలేరు చర్డిల్స్ ఆష్ వేషం వేసింది సెడ్రిక్ హార్డ్‌విక్. సినిమాలో వేరే మనిషి. మాటల్లేకుండా ఆ పాత్రలో ఏం మిగిలింది?

మూకీల_మూర్తి
ప్యాంటు మిగిలింది.

సినిమాలో ఆష్ వేసిన గోర్డన్ హార్కర్ని చూడండి. జాబితాలో ఉన్న థర్జా టాపర్ ఇంట్లో పార్టీకి ఈ ముసలి పాలేరుకి ఎవరిదో కోటు తగిలించి గుమ్మం దగ్గర నిలబెడతారు, వచ్చినవాళ్ళని లోపలికి పంపమని. నడుం దగ్గర ప్యాంటు ఆగదు. ఒక చేత్తో ప్యాంటు పట్టుకోవాలి, ఇంకో చేత్తో మర్యాద చేయాలి. ముఖంలో మాత్రం లోకమంతటి మీదా విసుగు. ఒక్క కార్డు అక్కర్లేదు. అదే ఇంట్లో థర్జా చేతిలో జెల్లీ పళ్ళెం ఉంటుంది, పెళ్లి మాట వినేసరికి ఆమె వణుకు జెల్లీకి పాకుతుంది. థర్జా వేసిన మాడ్ గిల్ నాటకంలోనూ అదే పాత్ర వేసింది. కానీ స్టేజీ మీద ఆ జెల్లీ ఎన్నో వరసదాకా కనిపిస్తుంది చెప్పండి?

బందరు_లడ్డు
మనకీ తొలి టాకీలు సగం నాటకాలేగా. భక్త ప్రహ్లాద సురభి వాళ్ళ నాటకం, 1939 లో వరవిక్రయం కాళ్ళకూరి వారి నాటకం. వాళ్ళకి ఈ బాధ లేదు, మాటలూ పద్యాలూ ఎత్తి సౌండు ట్రాకులో పెట్టేశారు. అక్కడ ఇబ్బంది తిరగబడింది: స్టేజీ మీద పద్యానికి వన్స్‌మోర్ అంటే మళ్ళీ పాడేవాడు, తెర మీద వాడు వినడు.

ఎడిటర్_కత్తెర
మూకీలో వన్స్‌మోర్ లేకపోయినా నవ్వుకి చోటు వదలాలి. సగం_టికెట్, ఇది నీ పనికి నేరుగా తగులుతుంది. కార్డు తెర మీదకి వచ్చాకే సబ్‌టైటిల్ రావాలి, రెండు మూడు ఫ్రేములు వెనకైనా పర్వాలేదు, ముందు మాత్రం రాకూడదు. కార్డు పోగానే ఇదీ పోవాలి. చాలామంది చదవడానికి టైము చాలదని తర్వాతి షాటు మీదికి సాగదీస్తారు. ఆ షాటులోనే వినేవాళ్ళ ముఖం ఉంటుంది, నవ్వు అక్కడ పుడుతుంది. కళ్ళు కింద అక్షరాల మీద ఉంటే ముఖం ఎవరు చూస్తారు?

నీది వేగం ఎక్కువున్న ఫైలు కదా, అక్కడ 6 సెకన్లున్న కార్డు నీకు 5 సెకన్లే. సెకనుకి రెండు తెలుగు మాటలకి మించకు. అంటే పది మాటలు. రెండు వరసలు, ఒక్కోటి అయిదు. రాశాక పైకి చదివి చూడు, ఊపిరి తిప్పుకోకుండా కార్డు లోపల అయిపోవాలి.

సగం_టికెట్
రూమ్ అన్నా, దొరికింది! పార్టీ సీను మొదలయ్యే చోట ఎగిరింది. ఒక మనిషి గుమ్మంలో ఉన్నవాడు ఉన్నట్టే గదిలో ఉన్నాడు. అక్కడిదాకా 6.67, తర్వాత 0.67. సరిగ్గా అతుక్కుంది. మరి నేను ఆ 20 వేగం, 107 నిమిషాల ఫైలు సంపాదించి వేయడం మంచిదా? నిజంగా ఏ వేగం కరెక్టు?

నల్లకుంట_24
మూకీ అంటే 16 ఫ్రేములే గదా?

ప్రొజెక్టర్_రూమ్
అది అందరూ అనుకునేదే. 1910ల మాట అది. 1920ల చివరికొచ్చేసరికి థియేటర్లలో 22, 24 కూడా తిప్పేవారు, ఇంకో ఆట ఇరికించడానికి కొంత, తెర మీద మిణుకు తగ్గడానికి కొంత. తీసేటప్పుడు ఒక వేగం, తిప్పేటప్పుడు ఒక వేగం. నడక కాస్త చురుగ్గా కనిపించడం అప్పటి ప్రేక్షకుడికి అలవాటే. కాబట్టి 'సరైన' అంకె ఒకటే ఉండదు. ఒకే సినిమాలో షాటుకీ షాటుకీ కూడా మారుతుంది.

తీసిన వేగం తెలుసుకోవాలంటే ఒక కిటుకు ఉంది. ఏదైనా పైనుంచి జారి పడే వస్తువు పట్టుకో. బల్ల ఎత్తు, 75 సెంటీమీటర్లు పడటానికి 0.39 సెకను పడుతుంది, ఇంగ్లండ్ అయినా ఇండియా అయినా. ఫ్రేము ఫ్రేముగా నడిపి లెక్కపెట్టు. 16 వేగంలో తీస్తే ఆరు ఫ్రేములు, 20 లో తీస్తే దాదాపు ఎనిమిది, 24 లో తొమ్మిదిన్నర. బరువైన వస్తువు కావాలి. కాగితం, గుడ్డ, ఈక పనికిరావు.

గళ్ళచొక్కా
హార్కర్ ప్యాంటు?

ప్రొజెక్టర్_రూమ్
పనికిరాదు, చెయ్యి అడ్డం ఉంది.

ఒక జాగ్రత్త. 20 వేగం సినిమాని 24 వీడియోలో పెట్టేటప్పుడు ప్రతి అయిదు ఫ్రేముల్లో ఒకటి రెండుసార్లు వేస్తారు. 25 వీడియో అయితే ప్రతి నాలుగింటిలో ఒకటి. లెక్కపెట్టేటప్పుడు ఆ కవల ఫ్రేముని ఒకటిగానే లెక్కించు. కెమెరా పక్కకి తిరిగే షాట్లలో చిన్న ఎక్కిళ్ళు వచ్చేది కూడా ఆ కవల వల్లే. పొడుగు ఫైల్లో నటన తీరిగ్గా ఉంటుంది, ఎక్కిళ్ళూ ఉంటాయి. పొట్టి ఫైలు నునుపు, కానీ మనుషులు హడావిడి పడతారు. నన్నడిగితే ఈ సినిమాకి పొడుగుదే. స్వీట్‌ల్యాండ్ తాపీ మనిషి, తనని ఎవరూ కాదనరని నమ్మకం. వాడు పరిగెత్తితే పాత్ర పోతుంది.

ఎడిటర్_కత్తెర
నేను ఒప్పుకోను. కార్డులు ఎక్కువున్న సినిమా ఇది. 20 దగ్గర ప్రతి కార్డూ ఇంగ్లిష్ వచ్చినవాడికి రెండుసార్లు చదివేంతసేపు నిలబడుతుంది. హాలు చల్లబడుతుంది. ఎడిటింగులో అయితే వేగం 22 కి పెట్టేసి ఊరుకునేవాణ్ణి.

ప్రొజెక్టర్_రూమ్
తెలుగు సబ్‌టైటిల్ చదవాలిగా, ఆ టైము వృథా కాదు. నువ్వే సెకనుకి రెండు మాటలన్నావు.

ఎడిటర్_కత్తెర
నా తాడుతో నన్నే కట్టావు. సరే, పొడుగుదే వేసుకో.

సగం_టికెట్
యాస సంగతి ఎవరూ చెప్పలేదు. గోదావరి యాసలో రాద్దామనుకుంటున్నా. పొలం, పశువులు, పాలేరు, బాగా అతుకుతుంది.

నల్లకుంట_24
గోదావరే ఎందుకు? ఆడ పాలేరు అంటరు, మా దిక్కు జీతగాడు. పల్లె అనంగనే కోనసీమేనా?

బందరు_లడ్డు
మొదలైంది.

మూకీల_మూర్తి
రెండూ వద్దు. అది డెవన్‌లో డార్ట్‌మూర్ బీడు పక్క పల్లె. 'ఆయ్' అనగానే కొబ్బరి చెట్లు మొలుస్తాయి, తెర మీదేమో రాతి గోడలు, గుర్రాల మీద నక్కల వేట. ఒక ప్రాంతం ముద్ర పడని మాట్లాడే తెలుగు రాసి, ఆష్ మాటల్లో మాత్రం క్రియలు కాస్త మొరటుగా పెట్టండి: 'చేత్తాడు', 'వత్తాది' దాకా వెళ్ళకుండా 'చేస్తాడంట', 'ఏం వస్తదిలే' చాలు. కార్డుల్లో కూడా యాస అందరికీ సమానంగా ఉండదు, గమనించండి. తేడా తెలియాల్సింది మనిషికీ మనిషికీ మధ్య, జిల్లాకీ జిల్లాకీ మధ్య కాదు.

మింటా మాత్రం స్వీట్‌ల్యాండ్‌ని చివరిదాకా 'అయ్యగారూ' అనాలి. అతను మింటాని 'నువ్వు' అంటాడు. జాబితాలో ఉన్న నలుగురిలో థర్జా టాపర్, లూయిసా విండియట్ దగ్గర 'మీరు'. పోస్టాఫీసు మేరీ హెర్న్ దగ్గర 'మీరు'తో మొదలై కొట్లాటలో 'నువ్వు'కి దిగితే బావుంటుంది. ఇంగ్లిష్‌లో లేని సౌకర్యం ఇది, వాడుకోండి.

సగం_టికెట్
ఇది బావుంది. మరి మొదట్లో భార్య పోతూ మింటాతో చెప్పే ఆఖరి మాట, అయ్యగారి ప్యాంట్లు ఎయిర్ చేయడం మర్చిపోకు అని. 'ప్యాంట్లు గాలికి ఆరేయడం మర్చిపోకు' అని రాశా.

మూకీల_మూర్తి
రెండు తప్పులు. బ్రిటిష్ మాటలో అవి పైన వేసుకునే ప్యాంట్లు కావు, లోపలివి. 'లోదుస్తులు' అంటే ప్రకటనలా ఉంటుంది. 'డ్రాయర్లు' అనండి, ఇంట్లో అనేది అదే. రెండోది, గాలికీ ఎండకీ కాదు. ఆ తడి దేశంలో ఉతికి ఆరిన బట్టకి కూడా చెమ్మ ఉంటుంది, వేసుకునే ముందు పొయ్యి సెగ దగ్గర పెడతారు. కార్డు తర్వాత వచ్చే షాట్లు చూడండి, ఆ బట్టలు మళ్ళీ మళ్ళీ ఆరుతూ కనిపిస్తాయి. కాలం గడిచిందని చెప్పేది వాటితోనే. మాట తప్పితే ఆ షాట్లు అర్థం కావు. 'అయ్యగారి డ్రాయర్లు సెగకి పెట్టడం మర్చిపోకే, మింటా.' ఆరు మాటలు.

తెరచాటు
చావు మంచం మీద డ్రాయర్లు. ఒప్పుకుంటున్నా, ఇది బావుంది. స్టేజీ మీద పొయ్యి దగ్గర ఏళ్ళు గడపడం కుదరదు.

బందరు_లడ్డు
ఆదివారం భోజనం వాసన కార్డు ఏం చేశావు? ఒకరిద్దరు ఆడవాళ్ళు ఆదివారం వంట వాసనలా నా మనసులో తేలుతున్నారు అంటాడు కదా స్వీట్‌ల్యాండ్.

నల్లకుంట_24
దానికి తర్జుమా ఎందుకు, ఆదివారం అంటే మనకు తెల్వదా. కోడికూర.

మూకీల_మూర్తి
కోడికూర అని రాయకండి, 'ఆదివారం వంట వాసన' చాలు. కోడి చూసేవాడే వేసుకుంటాడు. ఇంకో గుంట ఉంది, చూసుకోండి. బీరు తాగడం వల్ల వచ్చే నష్టం లవ్‌మేకింగ్ వల్ల వచ్చే నష్టంలో సగం కూడా లేదు అని ఆష్ ఒక కార్డులో గొణుగుతాడు. 1928 లో ఆ మాటకి అర్థం పెళ్లి కోసం వెంటపడటం, తియ్యటి కబుర్లు. ఇప్పటి అర్థం పెడితే ముసలాడు వేరే మనిషైపోతాడు, సెన్సారు కూడా అడుగుతుంది. 'ఈ ప్రేమ కబుర్లు చేసే చెరుపులో బీరు సగం కూడా చెయ్యదు.'

గళ్ళచొక్కా
ఈ కార్డు నాకు ప్రింట్ తీసి ఇవ్వండి.

సగం_టికెట్
ఇక చివరి తలనొప్పి. ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంది, సొసైటీ టీవీకి పెన్‌డ్రైవ్ పెడితే ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటున్నాయి. కొన్నిచోట్ల డబ్బాలు.

ఎడిటర్_కత్తెర
డబ్బాలంటే టీవీలో తెలుగు ఫాంటు లేదు, లేదా ఫైలు యూటీఎఫ్-8 (తెలుగు అక్షరాలు పట్టే పద్ధతి) లో సేవ్ కాలేదు. ముందు అది చూడు. ఒత్తులు విడిపోతే మాత్రం టీవీకి తెలుగు కూర్పు రాదు, దాన్ని బాగుచేయలేవు. ఏఎస్‌ఎస్ అనే సబ్‌టైటిల్ ఫార్మాట్ లోకి మార్చి వీడియోలోనే అచ్చుగుద్దేయ్. నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ పెట్టు. బోల్డ్ వద్దు, అంచు గీత 2 కి మించొద్దు. మించితే గుడి, సున్న లోపలి ఖాళీలు పూడిపోయి దూరం నుంచి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. కింద మార్జిన్ ఇంగ్లిష్‌కి పెట్టేదానికి ఒకటిన్నర రెట్లు పెట్టు, లేకపోతే కింది వరస ఒత్తులు తెర అంచులో తెగుతాయి. రెండు వరసల మధ్య కూడా పై వరస ఒత్తు కింది వరస గుడిని గుద్దకుండా చూసుకో. 'స్త్ర', 'క్ష్మి' ఉన్న కార్డుతో పరీక్ష పెట్టు.

కార్డు మీద నల్ల పట్టీ వేసి ఇంగ్లిష్‌ని కప్పకు. ఆ కార్డుల అచ్చు కూడా సినిమాలో భాగమే.

బందరు_లడ్డు
హక్కులు ఎవరి దగ్గర తీసుకున్నారు?

ప్రొజెక్టర్_రూమ్
మన దేశంలో సినిమాకి విడుదలైన తర్వాత 60 ఏళ్ళు, అది ఎప్పుడో దాటింది. రచనకి రచయిత పోయాక 60 ఏళ్ళు. ఫిల్‌పాట్స్ 1960 డిసెంబరులో పోయాడు కాబట్టి 2020 తో నాటకం మీదా అయిపోయింది. బ్రిటన్‌లో లెక్క వేరు, అక్కడ 70. కాబట్టి యూట్యూబ్‌లో పెట్టేముందు ఆలోచించు. అసలు చిక్కు సంగీతం. బీఎఫ్‌ఐ (బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్) 2012 ప్రాంతంలో హిచ్‌కాక్ మూకీల్లో మిగిలిన తొమ్మిదీ బాగుచేసింది, ఇదీ వాటిలో ఒకటి. ఏ డిస్కులోనైనా కొత్తగా కట్టిన సంగీతం ఉంటే దాని హక్కులు వేరే. అనుమతి లేకపోతే సౌండు ఆపేసి, హాల్లోనే ఎవరి చేతనైనా వాయించు.

నల్లకుంట_24
హార్మోనియం పెట్టున్రి. సురభోళ్ళు ఒక్క పెట్టెతోటి రాత్రంత నడిపేటోళ్ళు.

ఎడిటర్_కత్తెర
ఎవరు వాయించినా రెండు చెప్పు. హార్కర్ ప్యాంటుకి 'డుబుక్కు' అనే శబ్దాలు చేయొద్దు, అది తనంతట తాను నవ్విస్తుంది. కుర్చీ సీన్లలో ఒకే వరస పెట్టుకుని ప్రతిసారీ అదే వాయించాలి. మింటా కూర్చున్నప్పుడు అది మారాలి.

తెరచాటు
ఎన్నింటికి ఆట?

సగం_టికెట్
శనివారం ఆరున్నరకి. నువ్వు వస్తున్నావా?

తెరచాటు
జెల్లీ చూడాలి. ముందు వరసలో ఒకటి ఉంచు.